అమ్మకాలు లేక మూతపడింది అని రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో మూతపడిన బైకు కంపెనీల మీద ఒక పేజీ వేశారు. మైసూరు ఐడియల్ జావా గురించి, అక్కడ 1996లో ఆగిపోయిన ఎజ్డీల గురించి రాసింది బాగుంది, మా మేనమామ బండి గుర్తొచ్చింది. అయితే అదే పేజీలో కింద చిన్న పెట్టెలో విదేశీ కంపెనీలు కొన్నింటికి తలా ఒక లైను ఇచ్చి సరిపెట్టారు. బ్యూయెల్ ఎదురుగా ‘అమ్మకాలు లేక మూతపడిన అమెరికా స్పోర్ట్స్ బైకు కంపెనీ’ అని ఉంది. ఆ లైను చదివాక ఊరుకోలేకపోయాను.

అమ్మకాలు తక్కువన్నది నిజమే. 2008లో అప్పటి దాని యజమాని హార్లీ డేవిడ్‌సన్ 3 లక్షల పైచిలుకు బైకులు డీలర్లకు పంపితే బ్యూయెల్ పంపింది సుమారు 13 వేలు. కానీ ఎందుకు తక్కువ, ఎవరు అమ్మాలి, ఎవరు అమ్మలేదు, ఇంజిన్ ఎవరిది, షోరూం ఎవరిది, డబ్బు ఎవరిది అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే మీ లైను నిలవదు ఎడిటర్ గారూ. పైగా ఈ కంపెనీ రెండుసార్లు మూతపడింది. రెండోసారి మూతపడినప్పుడు అందులో దాదాపు సగం వాటా మన దేశపు కంపెనీది. తెలుగు పేపర్లో బ్యూయెల్ గురించి రాస్తూ ఆ సంగతి వదిలేస్తే ఎలా?

నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈయనకెందుకింత బాధ అనుకుంటారు. మాది సూళ్లూరుపేట. మెకానికల్ చదివి 2006లో ఎమ్మెస్‌కి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ వెళ్లాను, చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసి 2014లో వచ్చేశాను. ఇప్పుడు శ్రీసిటీ దగ్గర బండ్ల విడిభాగాలు చేసే చిన్న యూనిట్లో పని. మిల్వాకీ అంటే హార్లీ పుట్టిన ఊరు. అక్కడి నుంచి కారులో ముప్పావుగంట పోతే ఈస్ట్ ట్రాయ్ అని నాలుగు వేల జనం ఉండే పల్లె లాంటి ఊరు వస్తుంది, చుట్టూ మొక్కజొన్న చేలు, పాడి పశువులు. బ్యూయెల్ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. నేను 2007 ఎండాకాలంలో ఒక సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌బీ9ఎస్ లైట్నింగ్ కొన్నాను. జీతం నుంచి దాచుకుని కొన్న మొదటి వస్తువు అది. ఇంటికి చెప్పలేదు, నాన్నకి ఆర్నెల్ల తర్వాత చెప్పాను.

ఆ బండి ఎలా ఉండేదో చెప్తేగానీ మిగతాది అర్థం కాదు. బంకులో ఆపి పెట్రోలు పోస్తుంటే పక్కవాళ్లు వచ్చి చూసేవాళ్లు. మన కాళ్ల మధ్య ట్యాంకులా కనపడేది ట్యాంకు కాదు, అది ఒట్టి ప్లాస్టిక్ మూత, దాని కింద ఎయిర్ ఫిల్టర్ ఉంటుంది. పెట్రోలు ఉండేది ఫ్రేములో. మోకాళ్లకు తగిలే ఆ రెండు లావుపాటి అల్యూమినియం దూలాలే ట్యాంకు, సుమారు 14 లీటర్లు పడుతుంది. ఇంజిన్ ఆయిల్ వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌లో. సైలెన్సర్ పక్కన వేలాడదు, ఇంజిన్ పొట్ట కింద ఉంటుంది. ఎందుకిలా అంటే బరువంతా బండి నడుమన, వీలైనంత కిందగా ఉండాలని. బరువు అంచుల్లో లేకపోతే బండి తేలిగ్గా తిరుగుతుంది. రెండు చేతుల్లో రెండు బిందెలు పట్టుకుని గిర్రున తిరగమంటే ఎంత కష్టం, అదే ఒక బిందె చంకన పెట్టుకుంటే ఎంత తేలిక, అంతే లెక్క. రెండు చక్రాల మధ్య దూరం 1,320 మిల్లీమీటర్లే.

ముందు బ్రేకు సంగతి ఇంకా బాగుంటుంది. మామూలు బండికి డిస్కు మధ్యలో హబ్బుకు బిగిస్తారు, బ్రేకు నొక్కితే ఆ బలమంతా స్పోకుల గుండా రిమ్ముకు పోవాలి, కాబట్టి స్పోకులు లావుగా ఉండాలి, చక్రం బరువెక్కుతుంది. బ్యూయెల్ వాళ్లు 375 మిల్లీమీటర్ల పెద్ద డిస్కును ఏకంగా రిమ్ముకే బిగించారు. బలం రిమ్ము మీదే పుట్టి టైరు మీదికి పోతుంది, స్పోకులకు ఆ భారం లేదు, సన్నగా చేసుకోవచ్చు. రెండు డిస్కులు కూడా అక్కర్లేదు, ఒకటి చాలు. నేను మిషన్ డిజైన్ పుస్తకంలో నాలుగేళ్లు చదివి మార్కులు తెచ్చుకున్న విషయం ఆ చక్రం ముందు కూర్చుని ఐదు నిమిషాలు చూస్తే అర్థమైంది. బండి ఆపి తాళం తీశాక కూడా వెనక సిలిండర్ దగ్గరి ఫ్యాను కాసేపు తిరుగుతూనే ఉండేది, చలికాలపు రాత్రుల్లో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆ చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. స్టాండు వేసి స్టార్ట్ చేస్తే ముందు చక్రం సహా బండి మొత్తం ఊగేది, అదే 3 వేల ఆర్పీఎం దాటిందంటే రబ్బరు మౌంట్ల మీద ఇంజిన్ సర్దుకుని మెత్తగా పోయేది.

అలా ఊగడానికి కారణం ఇంజిన్. అసలు కథ ఇక్కడే ఉంది.

ఎరిక్ బ్యూయెల్ హార్లీలో ఇంజినీరు. రేసులంటే పిచ్చి. 1983లో ఉద్యోగం మానేసి, ఇంటి దగ్గర షెడ్డులో ఆర్‌డబ్ల్యూ750 అని నాలుగు సిలిండర్ల టూ స్ట్రోక్ రేసు బండి చేసుకున్నాడు. అది అమ్మకానికి తయారయ్యే వేళకి అమెరికా రేసుల సంఘం ఆ తరగతినే ఎత్తేసింది. బండి ఉంది, పరిగెత్తడానికి పోటీ లేదు. ఇంకొకరైతే మళ్లీ ఉద్యోగం చూసుకునేవాళ్లు. ఆయన హార్లీ దగ్గర మిగిలిపోయిన ఎక్స్‌ఆర్1000 ఇంజిన్లు తీసుకొచ్చి, వాటి చుట్టూ సొంత ఫ్రేము కట్టి 1987లో ఆర్‌ఆర్1000 అమ్మాడు. ఓ యాభై బండ్లు తయారయ్యాయి. 1993లో హార్లీ వచ్చి 49 శాతం వాటా కొంది, 1998లో దాదాపు మొత్తం తీసుకుంది, 2003కల్లా పూర్తిగా తనదైపోయింది. పేరు మాత్రం ఆయనది.

హార్లీ కొన్నందుకు ఫ్యాక్టరీ వచ్చింది, జీతాలొచ్చాయి, డీలర్లొచ్చారు. దాంతోపాటు హార్లీ స్పోర్ట్‌స్టర్ ఇంజిన్ కూడా వచ్చింది. 1957 నాటి స్పోర్ట్‌స్టర్ వంశం అది, గాలితో చల్లబడేది, బరువైనది, పొడుగైనది. నిదానంగా హైవే మీద పోయేవాళ్లకు అది బంగారం లాంటి ఇంజిన్, అందులో నాకు సందేహం లేదు. కానీ జపాన్ వాళ్లు 600 సీసీలో 100 గుర్రాల బలం తీస్తున్న రోజుల్లో మా 984 సీసీ బండి దాన్ని అందుకోలేదు. ఆ ఇంజిన్ పెట్టుకుని కూడా మలుపుల్లో ఎవరికీ తీసిపోని బండి చేశారంటే ఈస్ట్ ట్రాయ్ ఇంజినీర్ల పనితనం ఏమిటో ఆలోచించండి. ఆ విడ్డూరమైన ఏర్పాట్లన్నీ, ఫ్రేములో పెట్రోలు, స్వింగ్ ఆర్మ్‌లో ఆయిల్, చాలావరకు ఆ ఇంజిన్‌తో నెగ్గుకురావడానికి పుట్టినవేనని నా నమ్మకం. హార్లీ 2001లో పోర్షే సాయంతో నీటితో చల్లబడే కొత్త ఇంజిన్ చేసింది కూడా. అది వీ-రాడ్ అనే హార్లీ బండికి వెళ్లింది. బ్యూయెల్ లాంటి పొట్టి బండిలో ఇమిడే ఇంజిన్ కాదు అది.

తొంభైలలో బ్యూయెల్ బండ్లను కంపెనీ మళ్లీ మళ్లీ వెనక్కి పిలిపించి రిపేర్లు చేసిచ్చిన మాట వాస్తవం, దాంతో పేరు కొంత పాడైంది. దాన్ని నేను దాచను. కానీ అమ్మే చోటు సంగతి కూడా చూడండి. బ్యూయెల్ అమ్మేది హార్లీ షోరూముల్లో. నేను వెళ్లిన ఒక షోరూములో (ఏ ఊరిదో అనవసరం) తళతళలాడే హార్లీలన్నీ మధ్యలో లైట్ల కింద ఉంటే, రెండే రెండు బ్యూయెల్‌లు జాకెట్లు వేలాడదీసే స్టాండు వెనకాల ఉన్నాయి. ఒకదాని సీటు మీద దుమ్ము. సేల్స్ అబ్బాయిని ఇంజిన్ గురించి అడిగితే బ్రోషర్ తీసి చదివి చెప్పాడు, పాపం అతనికెవరూ నేర్పలేదు. స్పోర్ట్స్ బైకు కొనే పాతికేళ్ల కుర్రాడు హార్లీ షోరూముకు రాడు, హార్లీ కొనే యాభై ఏళ్ల మనిషికి స్పోర్ట్స్ బైకు అక్కర్లేదు. పట్టుచీరల కొట్లో వెనక అరలో జీన్స్ ప్యాంట్లు పెట్టి, అమ్ముడుపోవడం లేదు అంటే తప్పు ప్యాంట్లదా?

చివరికి 2007లో బ్యూయెల్‌కి తగ్గ ఇంజిన్ దొరికింది. ఆస్ట్రియా రోటాక్స్ వాళ్లు చేసిచ్చిన 1,125 సీసీ ఇంజిన్, నీటితో చల్లబడేది, 146 గుర్రాల బలం. దాన్ని పెట్టి 1125ఆర్ తెచ్చారు. పక్కన రేడియేటర్లకోసం పెట్టిన ఆ పెద్ద చెవుల్లాంటివి చూసి చాలామంది ముఖం చిట్లించారు, నాకూ మొదట్లో నచ్చలేదు. కానీ నడిపినవాడికి తెలుసు. 2009లో డానీ ఎస్లిక్ ఆ బండి మీద అమెరికాలో డేటోనా స్పోర్ట్‌బైక్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఇరవై ఆరేళ్ల కష్టానికి ఫలితం వచ్చిన ఏడాది అది. మూసేసిందీ అదే ఏడాది.

2009 అక్టోబర్ 15, గురువారం. దీపావళికి రెండు రోజుల ముందు. హార్లీ ఆ రోజు మూడు నెలల లెక్కలు చెప్పింది. లాభం 84 శాతం పడిపోయి 2.65 కోట్ల డాలర్లకు వచ్చింది. అదే నోటితో బ్యూయెల్‌ని ఆపేస్తున్నామని, ఇటలీ బైకు కంపెనీ ఎంవీ అగస్టాని వదిలించుకుంటామని చెప్పింది. ఎంవీ అగస్టాని కొని అప్పటికి ఏడాది దాటింది అంతే, 10.9 కోట్ల డాలర్లు పెట్టి కొన్నారు. ఆ ఫిబ్రవరిలోనే హార్లీ వారెన్ బఫెట్ కంపెనీ దగ్గర 15 శాతం వడ్డీకి 30 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మన ఊళ్లో నూటికి రూపాయి పావలా వడ్డీ అన్నమాట, అంత పెద్ద కంపెనీకి. 2008 మాంద్యంలో బండ్లు కొన్నవాళ్లకిచ్చిన అప్పులు ఇరుక్కుపోయాయి, బ్యాంకుల తలుపులు మూసుకున్నాయి. హార్లీకి ఊపిరాడని స్థితి. నేను వాళ్లనీ పూర్తిగా తప్పు పట్టను. ఇల్లు కాలుతుంటే చేతికందింది పట్టుకుని బయటపడతాం. కానీ బ్యూయెల్‌ని వేరేవాళ్లకి అమ్మి బతకనివ్వలేదు, ఏకంగా ఆపేశారు. హార్లీ వ్యవస్థలతో అంతగా అల్లుకుపోయింది కాబట్టి విడదీసి అమ్మడం కష్టమన్నారు. మూయడానికి అయ్యే ఖర్చే 12.5 కోట్ల డాలర్లని లెక్క చెప్పారు.

ఎరిక్ బ్యూయెల్ వీడియోలో కనపడి సెలవు తీసుకున్నాడు. మాట మధ్యలో ఆగిపోతూ, కళ్లు తుడుచుకోకుండా. ఆఫీసులో నా పక్క సీటు అతను కూడా చూశాడు, అతనికి బైకులంటే ఏమీ తెలీదు, ఏం మాట్లాడకుండా నా భుజం తట్టి వెళ్లాడు. ఈస్ట్ ట్రాయ్‌లో 180 మంది ఉద్యోగాలు పోయాయి. నాలుగు వేలమంది ఊళ్లో 180 అంటే ఎంతో మీరే లెక్కేయండి.

శనివారం పెవాకీ గుడిలో దీపావళి. చీరలు, పిల్లలు, లడ్డూలు. నేను జాకెట్టు వేసుకుని బండి మీదే వెళ్లాను, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. మన తెలుగువాళ్లలో ఇద్దరు ముగ్గురు పార్కింగ్‌లో బండి చుట్టూ చేరి, ‘ఇదేనా మూసేసింది, మరి స్పేర్ పార్టులు దొరుకుతాయా’ అని అడిగారు. దొరుకుతాయి, హార్లీ డీలర్ల దగ్గరే సర్వీసు, వారంటీ ఉంటాయని కంపెనీ చెప్పిందన్నాను. మర్నాడు ఆదివారం ఈస్ట్ ట్రాయ్ వెళ్లాను. ఎందుకెళ్లానో చెప్పలేను. గేటు బయట ఇంకో మూడు బ్యూయెల్‌లు ఆగి ఉన్నాయి. ఎవరం ఎవరికీ తెలీదు. ఒకాయన ఇల్లినాయ్ నుంచి వచ్చాడు, వయసు అరవై ఉంటుంది. కాసేపు నిలబడి, ఒకరి బండి ఒకరం చూసుకుని, చేతులు ఊపుకుని వెళ్లిపోయాం. ఆ నెలాఖరుకి ఆఖరి బండి బయటికొచ్చింది. మొత్తం లక్షా 35 వేలు దాటాయి.

ఇంతవరకూ అమెరికా గొడవ. ఇక మన సంగతి.

ఎరిక్ బ్యూయెల్ ఆ నవంబర్లోనే అదే ఈస్ట్ ట్రాయ్‌లో ‘ఎరిక్ బ్యూయెల్ రేసింగ్’ పెట్టాడు. పాత పేరు హార్లీ దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఈబీఆర్ అన్నారు. రోటాక్స్ ఇంజిన్‌నే పెంచి 1190ఆర్ఎస్ చేశాడు, ఖరీదు 40 వేల డాలర్ల దగ్గర, కొనేవాళ్లు కొద్దిమంది. తర్వాత 185 గుర్రాల 1190ఆర్ఎక్స్‌ని 19 వేల డాలర్లలోపు తెచ్చాడు. దానికి పెట్టుబడి కావాలి. ఇక్కడ మనవాళ్ల అవసరం వేరే ఉంది. 2010 డిసెంబర్లో హీరో, హోండా విడిపోయాయి. పాతికేళ్లు హోండా ఇచ్చిన ఇంజిన్లతో బండ్లు చేసిన హీరోకి సొంతంగా డిజైన్ చేసే మనుషులు కావాలి. 2012లో ఇద్దరూ చేతులు కలిపారు, 2013లో హీరో మోటోకార్ప్ 2.5 కోట్ల డాలర్లు పెట్టి ఈబీఆర్‌లో 49.2 శాతం వాటా తీసుకుంది.

నేను అప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మా నాన్న పాతికేళ్లు నడిపిన బండి కంపెనీ, నేను ప్రాణం పెట్టుకున్న కంపెనీ ఒకటయ్యాయి! 2014లో ప్రపంచ సూపర్‌బైక్ పోటీల్లో ఎర్రటి హీరో ఈబీఆర్ బండ్లు దిగాయి. వెనక వరసల్లోనే పరిగెత్తాయి, అయినా ఆ పేరు అక్కడ కనపడింది. అదే ఏడాది ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో హీరో హెచ్ఎక్స్250ఆర్ చూపించింది. 249 సీసీ, 31 గుర్రాల బలం, ఈబీఆర్‌తో కలిసి చేసింది. త్వరలో వచ్చేస్తుందన్నారు. మా తమ్ముడు బుక్ చేయడానికి డబ్బులు పక్కన పెట్టుకున్నాడు కూడా.

2015 ఏప్రిల్ 15. మళ్లీ 15వ తేదీయే. ఈబీఆర్ తలుపులు మూసి, ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచే పని కోర్టు చేతిలో పెట్టింది. సుమారు 2 కోట్ల డాలర్ల అప్పులు. 126 మందిని ఇంటికి పంపేశారు. పెద్ద సూపర్‌బైకుల ఖర్చును అమ్మకాలు మోయలేకపోయాయి, ఇంకో పెట్టుబడిదారు దొరకలేదు. హీరో తన లెక్కల్లో సుమారు 155 కోట్ల రూపాయలు నష్టం కింద రాసుకుంది. తర్వాత 28 లక్షల డాలర్లిచ్చి, తన కోసం ఈబీఆర్ చేస్తున్న డిజైన్ పనుల తాలూకు ఆస్తులు కొనుక్కుంది. మిగిలిన ఫ్యాక్టరీ, యంత్రాలు, బండ్లు మిషిగన్‌లోని ఒక వేలం కంపెనీకి 20.5 లక్షల డాలర్లకు పోయాయి. వాళ్లు 2016లో మళ్లీ బండ్లు చేయడం మొదలుపెట్టి 2017 మొదట్లో ఆపేశారు. 2021 నుంచి అదే చేతుల్లో బ్యూయెల్ పేరు తిరిగొచ్చింది, ఎరిక్ మాత్రం అందులో లేడు. ఆయన పాలుపంచుకున్న ఫ్యుయెల్ అనే ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీ కూడా 2024లో దివాలా తీసింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు చెప్పండి. మొదటిసారి ఇంజిన్ ఒకరిది, షోరూం ఒకరిది, నిర్ణయం ఒకరిది. రెండోసారి డిజైన్ తనదే, డబ్బు ఒకరిది, ఆ ఒకరి తర్వాత ఇంకొకరు లేరు. నేను చూసినంతలో బ్యూయెల్ రెండుసార్లూ పోయింది అద్దె ఇంట్లో ఉండబట్టే. యజమానికి ఇబ్బంది వచ్చినప్పుడల్లా ముందు ఖాళీ చేయాల్సింది అద్దెకున్నవాడే. ‘అమ్మకాలు లేక’ అంటే ఇవేవీ కనపడవు. చదివిన కుర్రాడు ఏమనుకుంటాడు? కొత్తగా ఆలోచిస్తే ఎవరూ కొనరు అనుకుంటాడు. అది అబద్ధం.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి నా ఉద్యోగం కూడా ఒక కారణం. మూడేళ్ల కిందట మా యూనిట్ ఒక కొత్త బండ్ల కంపెనీకి (పేరు వద్దు) బ్రాకెట్లు సప్లై చేసేది. వాళ్లకోసమే డై (బ్రాకెట్లు చేసే అచ్చు) చేయించాం, అప్పు తెచ్చి. ఒక సోమవారం ఫోన్లు ఎత్తడం మానేశారు. తర్వాత తెలిసింది, పెట్టుబడి పెట్టిన పెద్దమనుషులు చేతులెత్తేశారట. వాళ్ల బండి నేను నడిపి చూశాను, మంచి బండి. ఆ డై ఇప్పటికీ మా స్టోర్లో కింద అరలో ఉంది, తుప్పు పట్టకుండా నెలకోసారి ఆయిల్ రాస్తాం, 400 బ్రాకెట్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. తీసుకునేవాళ్లు లేరు, పారేయడానికి చేతులు రావడం లేదు. ఈబీఆర్ అప్పులవాళ్ల జాబితాలో కూడా మాలాంటి చిన్న షాపులు ఎన్నో ఉండి ఉంటాయని అప్పటినుంచి అనుకుంటూ ఉంటాను. కంపెనీ మూత అంటే బిజినెస్ పేజీలో రెండు అంగుళాల వార్త. మాకు అది స్టోర్లో ఒక అర.

హెచ్ఎక్స్250ఆర్ రానే లేదు. మా తమ్ముడు ఆ డబ్బుతో వేరే బండి కొన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఆటో ఎక్స్‌పోలో చూపించిన పదకొండేళ్లకు, 2025 జనవరిలో హీరో ఎక్స్‌ట్రీమ్ 250ఆర్ అని ఒక 250 సీసీ బండి తెచ్చింది. మధ్యలో జైపూర్‌లో సొంత పరిశోధన కేంద్రం కట్టుకుంది. 2020లో హార్లీ మన దేశంలో ఫ్యాక్టరీ ఆపేసి వెళ్తుంటే ఆ బండ్ల బాధ్యత తీసుకున్నదీ హీరోయే, 2023లో హార్లీ ఎక్స్440 చేసిందీ హీరోయే. ఒకప్పుడు ఎరిక్ బ్యూయెల్‌కి అండగా ఉన్న ఇద్దరూ ఇప్పుడు మన దగ్గర కలిసి బండి చేస్తున్నారు. ఆ 155 కోట్లతో మనవాళ్లు ఏం నేర్చుకున్నారు, ఈస్ట్ ట్రాయ్ నుంచి కొన్న డిజైన్లలో ఏవి పనికొచ్చాయి, ఏవి బీరువాలో ఉన్నాయి? మీ విలేకరులు వెళ్లి అడగండి. దూరం కూడా పోనక్కర్లేదు, మా సత్యవేడు మండలం మాదన్నపాలెంలోనే హీరో ఫ్యాక్టరీ ఉంది. 2018లో శంకుస్థాపన చేశారు. నేను పనికిపోయే దారికి అది ఎంతో దూరం కాదు, కొత్త బండ్లు నింపుకున్న లారీలు రోజూ ఎదురొస్తాయి.

పోయిన నెల మా యూనిట్‌కి దగ్గర్లోని ఐటీఐ పిల్లలు పన్నెండు మంది ట్రైనింగ్‌కి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాటల్లో బ్యూయెల్ గురించి చెప్పి, అట్టపెట్టె చింపి దాని మీద మార్కర్‌తో ఫ్రేము, స్వింగ్ ఆర్మ్, రిమ్ము బ్రేకు గీశాను. పన్నెండు మందిలో ఒక్కడు కూడా ఆ పేరు వినలేదు, వినాల్సిన అవసరమూ లేదనుకోండి. కానీ బొమ్మ చూసి ఒకబ్బాయి వెంటనే అడిగాడు, ‘సార్, ఆయిల్ స్వింగ్ ఆర్మ్‌లో ఉంటే గతుకుల్లో అది పైకీ కిందకీ ఊగుద్ది కదా, మరి ఇంజిన్‌కి పోయే పైపు తెగిపోదా?’ ఎంత మంచి ప్రశ్న ఎడిటర్ గారూ! అందుకే ఆ పైపుల్ని స్వింగ్ ఆర్మ్ మడత పడే చోటికి దగ్గరగా పెడతారు, అక్కడ కదలిక తక్కువ కాబట్టి, అని గీసి చూపించాను. వాడు ఆ అట్టముక్క మడిచి సంచిలో పెట్టుకుని పోయాడు.

అలాంటి పిల్లలు మీ పేపరు చదువుతారు. ఆదివారం ఒక పేజీ బ్యూయెల్‌కి ఇవ్వండి, ఫ్రేము బొమ్మతో సహా. నా బండి ఫోటోలు, విడదీసినప్పుడు తీసినవి, నలభై దాకా ఉన్నాయి. అడిగితే పంపుతాను, నా పేరు వేయనక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
సూళ్లూరుపేట